కారే కొళాయి కింద పుదీనా

బ్రోనీ ఊళ్ళో లేని సమయం చూసి, ఆమె పెరట్లో కారుతున్న కొళాయిని బాగుచేశాడు ఫెర్గస్. ఎవరూ అతన్ని చెయ్యమనలేదు.

మిల్‌డ్యూరా ఊరి బళ్ళో లెక్కలు చెప్పడానికి మెల్‌బోర్న్ నుంచి వచ్చి, పక్కింట్లో అద్దెకు దిగాడు. దిగిన రోజు నుంచీ అతనికి బ్రోనీ అంటే ఇష్టం, ఆ కొళాయి అంటే చిరాకు. ఎండలకు ఊరు మాడిపోతుంటే ఈ పిల్ల పెరట్లో మాత్రం టప్పు టప్పుమని నీళ్ళు వృథా! అక్క పురిటికని ఆమె అడిలైడ్ వెళ్ళగానే కంచె దాటి, అరిగిపోయిన వాషర్ తీసేసి కొత్తది వేశాడు. వచ్చి చూసి మురిసిపోతుందని, ఆ మాట మీద కాఫీకి పిలవచ్చని అతని లెక్క.

మంచికి పోతే చెడు ఎదురైంది. బ్రోనీ వస్తూనే పెరట్లోకి వెళ్ళి, కొళాయి కింద ఎండి గలగలలాడుతున్న పుల్లల ముందు కూలబడింది.

"ఈ కొళాయిని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే," అన్నాడు ఫెర్గస్ కంచె అవతల నుంచి, నవ్వుతూ. "చుక్క కూడా కారట్లేదు చూశావా?"

"చూశాను. నా పుదీనాని చంపేశావు."

"పుదీనానా? కలుపు మొక్కలనుకున్నాను."

"ఈ ఊళ్ళో ఏ పెరడైనా చూడు. కారే కొళాయి కింద పుదీనా వేసుకుంటారు. అందుకే ఆ కొళాయి జోలికి ఎవరూ పోరు."

"నాకు తెలీదు బ్రోనీ. నిన్ను అడగాల్సింది."

"అడగాల్సింది. అది మా అమ్మమ్మ పెరట్లోంచి తెచ్చిన వేరు. ఆ ఇల్లు కూడా పడగొట్టేశారు. ఆవిడదంటూ మాకు మిగిలింది ఇదొక్కటే." ఆమె ఒక ఎండుపుల్లని వేళ్ళతో తడిమింది. "వచ్చే ఆదివారం అమ్మ భోజనానికి వస్తోంది. ఈ పుదీనా పచ్చడి లేకుండా గొర్రెమాంసం ముక్క కూడా ముట్టదు."

ఫెర్గస్ నవ్వు ఎగిరిపోయింది. ఈ పిల్ల ఇక తన మొహం చూడదేమోనని నిజంగా భయపడ్డాడు.

"మళ్ళీ కారేలా చేస్తాను," అన్నాడు.

"చెయ్యి చూద్దాం."

పాత వాషర్ ఎప్పుడో చెత్తలో పోయింది. కొత్తదాన్ని చాకుతో గీరి చూశాడు, వంకరగా పెట్టి చూశాడు. వదులు చేస్తే ధార, బిగిస్తే చుక్క లేదు. ఒకసారి ధార ఎగిరొచ్చి అతని మొహాన కొట్టింది. మెట్ల మీద కూచున్న బ్రోనీ తల తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

"బాగుచెయ్యడమే వచ్చన్నమాట, పాడుచెయ్యడం చేతకాదు."

"పుదీనా దగ్గర చేతనైందిగా," అన్నాడు ఫెర్గస్ దిగులుగా.

మర్నాటి నుంచి పొద్దున ఒక మగ్గుడు, బడి నుంచి రాగానే ఒక మగ్గుడు నీళ్ళు తనే తెచ్చి పొయ్యడం మొదలెట్టాడు. మొదట ఆమె అతన్ని చూడగానే లోపలికి వెళ్ళిపోయేది. తర్వాత, "అంత పైనుంచి కాదు, మెల్లగా పొయ్యి," అంది. ఆ తర్వాత ఖాళీ మగ్గులో టీ పోసి పంపింది. శుక్రవారానికల్లా ఎండుపుల్లల మధ్య చిగుళ్ళు కనిపించాయి. అవి చూసి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం బ్రోనీ అతన్ని కూడా భోజనానికి పిలిచింది. పచ్చడి మూడు చెంచాలు కూడా కాలేదు. బ్రోనీ తల్లి గ్లెనిస్ మాంసం ముక్కకు అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

"మా అమ్మదే," అని ఫెర్గస్ వైపు తిరిగింది. "కొళాయి బాగుచేసింది నువ్వేనా?"

"నేనేనండి."

"మగ్గుతో నీళ్ళు పోసేదీ నువ్వేనా?"

"నేనేనండి. ఇకమీదట రోజూ పోస్తాను."

"ఎన్నాళ్ళు?"

"అది బతికున్నన్నాళ్ళూ."

గ్లెనిస్ ఫక్కున నవ్వింది. "వెర్రినాయనా, పుదీనాకి చుక్క నీళ్ళు తగిలితే చాలు. పీకేసినా మళ్ళీ మొలుస్తుంది. నువ్వు ముసలాడివైనా అది చావదు."

"ఆ సంగతి ఈ వారమే పుస్తకాల్లో చదివానండి," అన్నాడు ఫెర్గస్. చూపు మాత్రం బ్రోనీ మీదే ఉంది. "నాకు బ్రోనీ అంటే ఇష్టం. అన్నీ తెలిసే అంటున్నాను."

బ్రోనీ చెవులదాకా ఎర్రబడింది. మాంసం పళ్ళెం అతని వైపు జరిపింది.

"అయితే ఆ కంచె దూకడం మానెయ్యి," అంది. "రేపటి నుంచి ముందు గుమ్మంలోంచి రా."