మొదటి బ్యాచ్

వినోద్ కుమార్‌ను మన్నెగూడ దాటాక నంబర్ ప్లేటు లేని టిప్పర్ తొక్కేసింది. పోలీసులు యాక్సిడెంట్ అన్నారు. పాడెకు భుజం పట్టిన ఏజెంట్ ధర్మేందర్ నమ్మలేదు.

ఇద్దరూ ఇబ్రహీంపట్నంలో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఇంటెలిజెన్స్‌లోనూ ఒకే సెక్షన్. చనిపోయే ముందు వినోద్ అన్న మాటలు ధర్మేందర్ చెవుల్లో ఇంకా మోగుతున్నాయి.

"మన ఊరి బయట కొరాంటిస్ కంపెనీ కొత్త ప్రాసెస్‌తోని రాడార్ చిప్పులు చేసిందట. మొదటి బ్యాచ్‌లనే వందకు తొంభై పనిచేసినయని పేపర్ల ఏసిండ్రు. కొత్త ప్రాసెస్ అంటే ముందుగాల సగం చెత్తబుట్టలకే పోతయ్ రా. గివి ఈడ చేసినవి కావు. బయట చేసి తెచ్చిండ్రు. ఎందుకో తెలుసుకుంట."

తెలుసుకున్నాడు. అందుకే చంపేశారు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. "ఈరోజే కొరాంటిస్ డెమో. అది చూసి ఆర్మీ జనరల్ కాంట్రాక్టు మీద సంతకం పెడితే మన సరిహద్దు రాడార్లన్నిటిలో ఆ చిప్పులే. లోపల మన మనిషి ఉంది. కంపెనీ డైరెక్టర్ ఆల్డెన్ విదేశీ ముఠా మనిషి. వాణ్ణి ప్రాణాలతో పట్టుకో."

"సరే సార్," అన్నాడు ధర్మేందర్. అతని చెయ్యి మాత్రం జేబులోని పిస్టల్ మీదే ఉంది.

ఏసీ మెకానిక్ వేషంలో ఫ్యాక్టరీలోకి వెళ్లాడు. ఎర్ర సిల్కు చీర, వజ్రాల కమ్మలతో కంపెనీ పీఆర్ హెడ్ లీదియా కారిడార్‌లో ఎదురైంది.

"చెరువు నిండిందా?" అన్నాడు. అది కోడ్.

"అలుగు దుంకుతున్నది."

ఈమేనన్నమాట లోపలి మనిషి. ఆల్డెన్ కూడా ఈమెను తన గూఢచారి అనే నమ్ముతున్నాడని ధర్మేందర్‌కు తెలుసు. "వినోద్‌ను పట్టిచ్చింది నువ్వేనా?"

"నేనైతే నువ్వు గేటు కాడనే సచ్చెటోనివి." ఆమె చేతిలోని లిప్‌స్టిక్ అతని అరచేతిలోకి మారింది. "గిది ట్రాన్స్‌మిటర్. ఒక్క సిగ్నల్ పంపితే ఆ చిప్పులన్నీ ఆగిపోతయ్, బయట చేసినప్పుడే అట్ల పెట్టిండ్రు. ఆల్డెన్ రిమోట్ నుంచి ఆ సిగ్నల్ కాపీ చేసిన. వినోద్ కనిపెట్టింది గిదే."

"ముందు వాణ్ని కాలుస్త."

"వాడు సస్తే ఇంకోడొస్తడు. సంతకం మాత్రం ఉంటది. జర ఆగు."

డెమో హాల్లో రాడార్ తెర మీద విమానాలు పచ్చ చుక్కలై కదులుతున్నాయి. "మా మొదటి మైలురాయి," అన్నాడు ఆల్డెన్ ఇంగ్లీషులో. చప్పట్లు మోగాయి. జనరల్ పెన్ను మూత తీశాడు. పాళీ కాగితాన్ని తాకబోతుండగా, ఏసీ దగ్గర నిలబడ్డ ధర్మేందర్ లిప్‌స్టిక్ అడుగు తిప్పాడు.

తెర నల్లబడింది.

"యుద్ధంలో కూడా ఇట్లనే ఆగిపోతయ్ సార్," అన్నాడు జనరల్‌తో.

జనరల్ పెన్ను మూసేశాడు.

ఆల్డెన్ వెనక తలుపు వైపు పరుగెత్తాడు. లీదియా కాలు అడ్డం పెట్టింది. పడినవాణ్ణి ధర్మేందర్ లేపి గోడకు అదిమి, నుదుటికి పిస్టల్ ఆనించాడు.

"టిప్పర్‌తో తొక్కించినవ్ కదా. మా వాని పేరు చెప్పు."

ఆల్డెన్ తల అడ్డంగా ఊపాడు. "గుర్తు లేదు."

ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. ప్రాణాలతో పట్టుకో అన్న చీఫ్ మాట గుర్తొచ్చింది. తర్వాత ధర్మేందర్ పిస్టల్ జేబులో పెట్టుకుని పిడికిలి బిగించాడు.

"గుర్తు చేస్త."

చీఫ్ వచ్చేసరికి ఆల్డెన్ వాచిన నోటితో వినోద్ కుమార్ పేరే పలవరిస్తున్నాడు.

"ఆ మొహమేంటయ్యా?"

"మెట్ల మీంచి పడ్డడు సార్."

"ఈ బిల్డింగ్‌కు మెట్లే లేవు."

"అయితే రిపోర్టు జర ఆలస్యమైతది సార్. మెట్లు కట్టియ్యాలె."