అన్న పట్టిన టన్నెల్

బోధన్ల మా నెట్ ఆఫీసంటే ఒక్క గది, రెండు నెట్ పెట్టెలు, ఒక కుర్సీ. మా అన్న ఎజ్రా స్తంభం స్తంభం ఎక్కి గుంజిన లైన్ అది. పోయిన వానకాలం స్తంభం మీద నుంచి పడి సచ్చిపోయిండు. అప్పట్నుంచి నేనే నడుపుతున్న.

పెద్ద కంపెనీ దగ్గర లైన్ తీసుకొని మేం ఇండ్లకిస్తం. కొత్త రకం ఐపీ అడ్రసులు, అంటే నెట్ల ఒక్కో ఇంటికి ఉండే నంబర్లు, అడిగితే కంపెనీ ఇయ్యలే. అన్న మొండోడు. వాటి కోసం ఎక్కడోళ్లో ఉచితంగ ఇచ్చే టన్నెల్ పట్టిండు. కంపెనీ లైన్ లోపల్నుంచే ఇంకో తొవ్వ, అంతే. ఆ లైన్ పోతే టన్నెలూ పోవాలె.

ఆ పొద్దు కంపెనీ మనిషి ప్రేమ్ వచ్చిండు. ఆడపిల్లవు, నీకెందుకీ లొల్లి, అమ్మెయ్, లేకుంటే మాపటికల్లా బంద్ అన్నడు. నాకు ఒళ్లు మండింది. మా అన్న లైన్ అమ్మను, ఏం జేస్కుంటవో జేస్కోమన్న. అన్నట్టే పొద్దుగూకంగనె బంద్ వెట్టిండు.

బయట వాన. మా గదికి కరెంటూ లేదు. బ్యాటరీ మీద పెట్టెలు గుయ్యిమంటున్నయ్. గదిల తడిసిన మట్టి వాసన, దాని ఎన్కనే బెల్లం మాడిన వాసన. దగ్గర్ల బెల్లం బట్టీ ఏం లేదు. జనం ఫోన్ చేసి తిడతరని కూసున్న. ఒక్కరూ చెయ్యలే. ల్యాప్‌టాప్ తెరిచి చూసిన. కంపెనీ లైన్ సచ్చి పడున్నది. టన్నెల్ నడుస్తున్నది.

కంపెనీ వైరు గుంజి పారేసిన. అయినా నడుస్తున్నది... దేని మీద?

గల్లీ చివర ఉండే ముత్తవ్వ ఫోన్ చేసింది. గుసగుసగ మాట్లాడింది.

"బిడ్డా, లైన్ బంద్ చెయ్యకు. మా ఆయన వీడియోల కనవడ్డడు."

ఆమె పెనిమిటి తుకారాం సచ్చిపోయి ఏండ్లయింది.

"ఆయన ఎన్క ఎవడో పొడుగోడు నిలబడ్డడు. ఎవడో తెల్వది..."

ఆ ఎంటనే ఇంటికాడి నుంచి మా అమ్మ యేసమ్మ ఫోన్ చేసింది. ఏడ్సుకుంట, నవ్వుకుంట, అన్న వీడియోల మాట్లాడుతుండన్నది. ఎన్క ఎవరన్న ఉన్నరా అని అడిగిన. పొడుగోడున్నడన్నది.

పెట్టె బంద్ జేసే బటన్ మీద వేలు వెట్టిన. నొక్కితే భయం పోతది. అన్న గూడ పోతడు.

నా ఫోన్ల వీడియో కాల్ వచ్చింది. ఎత్తిన. అన్నే. తడిసిన ఎంటికెలు, పడ్డనాటి అదే నీలం అంగీ. ఎన్క ఆ పొడుగోడు. మొఖం మీద ఎలుతురు లేదు, నోరొక్కటే కనవడుతున్నది.

"నువ్వెవడివి?" అని అడిగిన. "మా అన్నను ఇడువు."

పొడుగోని పెదవులు కదిలినయ్. చప్పుడు లేదు. ఆ తర్వాత అన్న నోరు తెరిచిండు.

"నేను మంచిగున్న, చెల్లె..."

బటన్ మీది నుంచి వేలు తీసేసిన. వానికి భయపడి మాత్రం కాదు. అన్నను వాని దగ్గర ఒక్కన్నే ఎట్ల ఇడిచిపెడత?

"టన్నెల్ తియ్యను," అని చెప్పిన. "ఏం జేస్కుంటవో జేస్కో."

పొడుగోడు నవ్విండు.

కొద్దిసేపాగి... అన్న నవ్విండు.