పేరు ఆయనదే, మాట ఆయనది కాదు

రెండువేల సంవత్సరం మే నెల. పొద్దున్నే చిత్తూరు సంతపేట మిద్దెలు ఎండకు కాలిపోతున్నాయి. మునిరత్నం వరండాలో కూర్చుని బ్రష్షులను కిరసనాయిలులో కడుగుతున్నాడు. కడగడమే తప్ప వాటికి పని లేదు. లారీల మీద పేర్లు, బొమ్మలు రాసి బతికిన చెయ్యి అతనిది. ఇప్పుడు కంప్యూటరుతో స్టిక్కర్లు కోసి అతికించేస్తున్నారు. ఆరో తరగతిలో బడి మానేసిన తనకు మిగిలిన ఒక్క విద్యనూ ఆ పెట్టె మింగేసిందని అతని కడుపుమంట.

ఆ పెట్టె ముందు కూర్చునే కూతురు ధరణి జీతం తెస్తోంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో ఏడాదిగా ఉద్యోగం. అది కూడా అతనికి మింగుడు పడని సంగతే.

"ఏమయ్యా, పాప క్యారియరు మర్చిపోయి ఎల్లిపోయింది. సీజను గదా, తొందర. రోంత ఇచ్చేసి రాపో," అంది భార్య చెంగమ్మ.

"ఆ పెట్టెనే అన్నం పెట్టమను," అని గొణిగాడు గానీ సైకిలు తీశాడు.

ఆఫీసులో ధరణి సీట్లో లేదు. తెర మీద వరుసగా ఇంగ్లీషు అక్షరాలు. చదువు లేకపోయినా ఆ పెద్ద అక్షరాలన్నీ అతని చేతికి పరిచయమే. ఒక వరుస దగ్గర చూపు ఆగిపోయింది. మేనేజరు ధనంజయ పేరు. ఆయన గది తలుపు మీద ఆ పేరు రాసింది తనే. దాని పక్కన, అక్షరాల మధ్య సందైనా లేకుండా, ఐ లవ్ యూ. లారీల వెనక ఎన్నిసార్లు రాయలేదు ఆ మాట.

కాగితాలు పట్టుకుని వచ్చిన ధరణి, తండ్రి చూపు ఎక్కడుందో చూసి నిలబడిపోయింది. గబగబా వచ్చి ఏదో నొక్కింది. తెర ఖాళీ అయింది.

"ఏందమ్మా అది?"

"ఏం లేదు నాయనా. ఆఫీసుది."

ఆమె మొహం కందిపోయింది. చెవులు కూడా ఎర్రబడ్డాయి. మునిరత్నం క్యారియరు బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు. దారి పొడుగునా ఈ మధ్య జరిగినవన్నీ తవ్వుకున్నాడు. మొన్న ఆలస్యంగా ఎందుకు వచ్చింది? కొత్త చీర కట్టుకుని పోయింది ఎవరికోసం? వెదికిన కొద్దీ అన్నీ దొరికాయి.

వీధి మొదట్లో అక్క మునెమ్మ ఇల్లు. అరుగు మీద ఆడవాళ్లు చింతపండు గింజలు తీస్తున్నారు. కడుపులో దాచుకోలేక అక్కను లోపలికి పిలిచి చెప్పేశాడు.

"పెండ్లాం బిడ్డలుండే మగోడు గదరా వాడు," అంది మునెమ్మ, అరుగు మీదికి వినబడేటంత గొంతుతో. "ఆడబిడ్డను పనికి పంపొద్దని నేను ఆపొద్దే చెప్తి. ఇన్న్యావా?"

సాయంత్రం ధరణి వీధిలోకి అడుగుపెట్టేసరికి అరుగు మీద మాటలు ఆగిపోయాయి. ఇంట్లోకి వచ్చి ఆమె చెప్పులు విప్పకముందే మునిరత్నం లేచాడు.

"రేపట్నించి ఆడికి పోబాకు."

"ఎందుకు నాయనా?"

"నీకు తెలీదా? వాడు నీకేం రాసినాడో నా కండ్లతో సూసినా."

"సూసింది నిజమే. నేను దాన్ని తెరవనే లేదు."

"తెరవనిదానివి ఎందుకు దాచినావు?"

"ఇదో, ఇట్ట అడుగుతావనే." ఆమె చెప్పులు విప్పి పక్కకు నెట్టింది. "సగం వీధి నన్ను ఎట్ట సూసిందో తెల్సా? ఎవురు చెప్పినారు వాళ్లకు?"

అంతలో గుమ్మం ముందు స్కూటరు ఆగింది. దిగింది ధనంజయే. చొక్కా అంతా చెమట.

"మునిరత్నమన్నా, మీ ఇంట్లో ఫోను లేదని నేనే వచ్చినా. ధరణమ్మా, నా పేరుతో వచ్చిన మెయిలు నువ్వు తెరవలేదు గదా?"

"లేదు సార్."

"బతికించినావు." ఆయన గడప మీదే కూలబడ్డాడు. "మద్రాసు వ్యాపారి పేరుతో నాకొకటి వచ్చినాది. తెలిసినాయన పేరే గదా అని, దానికి తగిలించిన ఫైలు తెరిచేసి తిరుపతికి పోయినా. అది వైరసంట. కంప్యూటర్లో నా అడ్రసుల పుస్తకంలో ఉండే పేర్లన్నిటికీ నేనే పంపినట్టు అదే పోయినాది. మా ఓనరుకూ పోయింది, డెబ్బై ఏండ్ల మనిషికి. బ్యాంకాయనకూ పోయింది. తిరిగొచ్చినప్పట్నించీ, ప్రేమిస్తా ఉండానని పోయినందుకు ఎంతమందికి క్షమాపణ చెప్పుకున్నానో. ఆఫీసులో తెరిచినోళ్ల కంప్యూటర్లలో గుజ్జు డబ్బాల లేబుళ్ల బొమ్మలన్నీ పాడైపోయినాయి. ఈ పాప దాంట్లోవే మిగిలినాయి."

చెంగమ్మ నీళ్లచెంబు ఇస్తూ, "నువ్వెట్ట తెలుసుకుంటివే?" అంది కూతురితో.

"నాకేం తెలీదమ్మా. సారు ఏడాదిగా ఏమ్మా అనే పిలుస్తారు. పేరు ఆయనదే గానీ ఆ మాట ఆయనది కాదనిపించింది. అడుగుదామంటే సిగ్గేసింది."

"అడగాల్సిందమ్మా," అన్నాడు ధనంజయ. "ఇట్టాంటిది ఎవురి పేరుతో వచ్చినా ముట్టుకోకుండా ఆ మనిషినే అడిగేయాల. నేను ఆ పని చేసుంటే ఇంత దూరం వచ్చేది గాదు."

ఆయన వెళ్లిపోయాడు. మునిరత్నం తల ఎత్తలేదు. ఏడాది పరిచయం ఉన్న పరాయి మనిషి గురించి ఈ పిల్ల తప్పుగా అనుకోలేదు. ఎత్తుకుని పెంచిన తను మాత్రం తెర మీది ఒక్క వరుస చూసి, ఇది నా బిడ్డ నడత కాదని అనుకోలేకపోయాడు. పైగా తీసుకుపోయి వీధికి పంచాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"రేపు పనికి పోమ్మా," అన్నాడు మెల్లగా.

"ఆ అరుగు దాటుకొని ఎట్ట పోయేది నాయనా?"

అతను చొక్కా తొడుక్కున్నాడు. "నాతో రా."

మునెమ్మ అరుగు మీద ఇంకా నలుగురు ఉన్నారు. మునిరత్నం వాళ్ల ముందు నిలబడ్డాడు.

"అక్కా, పొద్దున నేను చెప్పింది అబద్ధం. ఎవురో పాడు చేసిన మెయిలు అది, ఊరందరికీ పోయినాది. నా బిడ్డ దాన్ని ముట్టుకోను గూడా లేదు. ఒక్క మాట అడగకుండా నేనే నోరు పారేసుకున్నా."

"నాకేమిరా తెలుసు, నువ్వు చెప్తేనే గదా," అని మునెమ్మ నసిగింది.

"అవును. నేను చెప్తేనే. ఇప్పుడూ నేనే చెప్తా ఉండా. పొద్దున మాట ఎంత దూరం పోయిందో ఇదీ అంత దూరం పోవాల."

ధరణి పైటతో కళ్లు తుడుచుకుని, తండ్రి మోచెయ్యి పట్టుకుంది.

"చాలు నాయనా," అంది. "ఇంటికి పోదాం రా."