మూడు ఫ్యాన్ల కార్డు

పొద్దున్నే ఆ ఇంట్లో మామూలుగా జరిగే గొడవ బాత్రూమ్ గురించి. ఆ రోజు మాత్రం ఒక కాగితం గురించి జరిగింది.

"నాన్నా, ఇందులో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. షాపులో ఇచ్చేయ్, మిగతాది వాళ్లే చూసుకుంటారు," అంది చిట్టి. చేతిలో సగం కొరికిన బ్రెడ్డు ముక్క, భుజాన బ్యాగు. "తగ్గింపు ధర ఇవాళ్టితో ఆఖరు. పరీక్ష లేకపోతే నేనే వెళ్లేదాన్ని."

"కాగితం ఇచ్చి రావడానికి నేనెందుకే? పోస్టుమ్యాన్ చాలడూ?" అన్నాడు తండ్రి.

"ఈ ఒక్కరోజుకీ నువ్వు పోస్టుమ్యానువే అనుకో."

వంటగదిలోంచి తల్లి నవ్వింది. "వినండి దాని మాట. రెండు నెలలు కూర్చుని రాసింది పాపం."

ఆయన ఫ్రిజ్ మెకానిక్. ముప్ఫై ఏళ్ల అనుభవం. వీధిలో అందరూ ఫ్రిజ్ డాక్టరంటారు. ఫ్రిజ్జేమిటి, ఏసీ, వాషింగ్ మెషీన్, మిక్సీ, తీగ ఉన్న వస్తువేదైనా సరే ఆయన చెయ్యి పడితే దారికి రావలసిందే. ఇంట్లో ఏది ఆగిపోయినా అందరి నోటా వచ్చే మొదటి మాట "నాన్ననడుగు". ఆ మాటంటే ఆయనకెంత ఇష్టమో భార్యకు బాగా తెలుసు.

చిట్టిది భవనాల డిజైన్ కోర్సులో చివరి ఏడాది. ప్రాజెక్టుగా ఒక చిన్న ఆసుపత్రి గీసింది. మనమే గుమ్మంలోంచి లోపలికి నడిచి వెళుతున్నట్టు కనిపించే వీడియో ఒకటి తయారు చేసి, వచ్చే నెల పదో తారీకులోగా కాలేజీలో ఇవ్వాలి. అది నచ్చితే ఒక ఆర్కిటెక్టు గారి ఆఫీసులో ఉద్యోగం ఖాయం. అలాంటి వీడియో మామూలు కంప్యూటరు వల్ల కాదు. బొమ్మల బరువంతా మోయడానికి లోపల గ్రాఫిక్స్ కార్డని ఒకటుండాలి. ఇంట్లో కూడబెట్టిన డబ్బుకి ఏ కార్డు వస్తుంది, దానికెంత కరెంటు కావాలి, ఏ కంప్యూటరు పెట్టెలో పడుతుంది, అన్నీ చూసి చూసి కళ్లు ఎర్రబడేలా తయారు చేసిన జాబితా అది.

బస్సులో ఆయన కాగితం విప్పి చదివాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! వరసగా అంకెలు, వాటి పక్కన అక్షరాలు, మళ్లీ అంకెలు. పక్క సీటాయన తొంగి చూస్తున్నాడని చటుక్కున మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెలియకపోవడం ఎవరికైనా మామూలే. కానీ ఆయనకది అలవాటు లేదు.

సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకున్న కంప్యూటర్ల షాపాయన జాబితా చూసి, "ఎవరు రాశారో గానీ బాగా తెలిసినవాళ్లు సార్," అన్నాడు. మిగతా సామానంతా పెట్టెలో బిగించాక, గ్రాఫిక్స్ కార్డు తెచ్చి చేతిలో పెట్టాడు. బిస్కెట్ ప్యాకెట్టంత ఉంది. దానికొకటే ఫ్యాను.

"ఇంతేనా?"

"ఇంతే సార్. చిన్నదే గానీ పని చేస్తుంది. విడిగా కరెంటు తీగ కూడా అక్కర్లేదు."

మెకానిక్ చూపు అప్పటికే పక్క అరమీద పడింది. మూరెడు పొడవున, మూడు ఫ్యాన్లతో ఒక కార్డు ఠీవిగా పడుకుని ఉంది. వాడినదట. ధర దాదాపు అంతే. ఏ యంత్రానికైనా వేడే శత్రువని ముప్ఫై ఏళ్లుగా ఆయన నమ్మకం. మూడు ఫ్యాన్ల ముందు ఒక్క ఫ్యానేపాటి?

"అదివ్వండి," అన్నాడు.

"వద్దు సార్. అది పాతది, కరెంటు విపరీతంగా లాగుతుంది. రెండు తీగలు కావాలి. ఇందులో రాసిన పవర్ సప్లైకి, అంటే కరెంటిచ్చే డబ్బాకి, ఉన్నది ఒకటే. అదీగాక ఈ పెట్టెలో పట్టదు."

"కరెంటు సంగతి నాకు చెబుతున్నారా మీరు?"

షాపాయన రెండోసారి కూడా వద్దన్నాడు. ఈ పెద్దమనిషి వింటేగా!

ఇంటికొచ్చి చూస్తే నిజంగానే కార్డు పట్టలేదు. రేకు కత్తెర తీసి పెట్టె లోపలి అడ్డుపట్టీ కోసేశాడు. ఉన్న ఒక్క తీగనే రెండుగా చీల్చి, టేపు చుట్టి, ముచ్చటగా కట్టాడు. చూసిన ఎవరైనా కంపెనీ పనే అనుకుంటారు.

సాయంత్రం చిట్టి వచ్చి పెట్టె తెరిచింది. మొహం మాడిపోయింది.

"ఇది నేను రాసిన కార్డు కాదు నాన్నా."

"అంతకంటే మంచిది."

"దీనికి పవర్ సప్లై చాలుతుందా?"

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో నిజం చెప్పి ఉంటే ఈ కథే లేదు.

"చాలుతుందని షాపాయనే చెప్పాడు. ఇదే తీసుకోమని ఆయనే బలవంతం చేశాడు. రోజూ అదే పనిమీద ఉన్నవాడికి తెలియదా?"

చిట్టి పెట్టె మూత బిగించింది. నాన్న చెప్పాడు కదా అనుకుంది.

మామూలు పనులకు కంప్యూటరు బంగారంలా నడిచింది. అసలు వీడియో మొదలుపెట్టిన రోజున ఇరవై నిమిషాలు తిరిగి టక్కున ఆగిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఆగిపోయింది. మూడు రోజులు అదే తంతు. పదో తారీకు ఇంకో వారంలోకి వచ్చేసింది. పిల్ల తిండి మానేసి, తన జాబితానే మళ్లీ మళ్లీ చదువుకుంటూ కూర్చుంది.

ఆదివారం ఆయన అక్కగారు వచ్చారు. వస్తూనే, "ఏరా తమ్ముడూ, ఊళ్లో వాళ్ల మిషన్లన్నీ బాగుచేస్తావు, ఇంట్లో పిల్ల కంప్యూటరు ఆగిపోతే పట్టించుకోవేం?" అని అంటించారు.

అంతే, ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. "నేనేం చెయ్యను అక్కా? అంత చిన్న పవర్ సప్లై రాసింది అదే. రెండు నెలలు కూర్చుని చేసిన ఘనకార్యం అది!"

"అయ్యో, అంత చదివి ఇంత చిన్న సంగతి చూసుకోలేదటే?" అన్నారు అక్కగారు చిట్టి వైపు తిరిగి.

చిట్టి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "నిజమే అత్తయ్యా. ఎక్కడో లెక్క తప్పాను," అని లోపలికి వెళ్లిపోయింది. ఆయన చేతిలోని టీ చల్లారిపోయింది. తాగాలనిపించలేదు. కన్నకూతురి నెత్తిన తన తప్పు రుద్దిన మనిషికి టీ ఎలా దిగుతుంది?

మర్నాడు పొద్దున్నే చిట్టి కార్డు పీకి సంచిలో వేసుకుంది. "షాపుకు వెళుతున్నా. చాలదని తెలిసీ ఎందుకు అంటగట్టారో అడుగుతా."

"వద్దులేవే," అన్నాడు ఆయన.

"ఎందుకొద్దు? నువ్వూ రా."

తప్పక వెళ్లాడు. దారి పొడుగునా నోరు తెరవాలనుకున్నాడు. బస్సు దిగేదాకా దగ్గుతూనే ఉన్నాడు.

షాపులో నలుగురైదుగురు కొనేవాళ్లున్నారు. చిట్టి కార్డుని బల్లమీద పెట్టింది. "మా నాన్న పెద్దాయన, ఈ కార్డుల సంగతి తెలియదు. అలాంటి మనిషికి పాత సరుకు అంటగడతారా? నమ్మి వచ్చినందుకు ఇదేనా మర్యాద? నా ఉద్యోగం పోతే మీరిస్తారా?"

షాపాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. చిట్టి వైపు చూశాడు. తరవాత ఆయన వైపు చూశాడు. మొహంలో ఏం కనిపించిందో ఏమో, నెమ్మదిగా, "సరే అమ్మా. తప్పు నాదే అనుకోండి. మార్చి ఇస్తాను," అన్నాడు.

మెకానిక్‌కు తల కొట్టేసినట్టయింది. ముక్కూ మొహం తెలియని మనిషి తన పరువు కాపాడటానికి నలుగురిలో మాట పడుతున్నాడు. తను బెల్లం కొట్టిన రాయిలా నిలబడి చూస్తున్నాడు.

"ఆయనదేం తప్పు లేదు," అన్నాడు. "వద్దని రెండుసార్లు చెప్పాడు. నేనే వినలేదు. మూడు ఫ్యాన్లు చూసి తెచ్చాను. తీగ చీల్చిందీ నేనే. నీతో అబద్ధం చెప్పాను చిట్టీ. నీ లెక్క ఎక్కడా తప్పలేదు."

చిట్టి తనమీద అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది. ఆ పిల్ల షాపాయన వైపు తిరిగి, "క్షమించండి అంకుల్, నోటికొచ్చినట్టు మాట్లాడాను," అంది. ఆ మాట వింటుంటే ఆయనకు చచ్చినంత పనైంది. అది కూడా తను చెప్పవలసిందే. షాపాయన ధర కొంచెం తగ్గించుకుని పాతది తీసుకున్నాడు. జాబితాలో రాసిన బిస్కెట్ ప్యాకెట్టంత కార్డు ఇచ్చాడు.

తిరుగు బస్సులో చిట్టి వేరే సీట్లో కూర్చుంది.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆయన భార్యకు జరిగింది చెప్పాడు. ఆవిడ అందించబోయిన మంచినీళ్ల గ్లాసు బల్లమీద పెట్టేసి వంటగదిలోకి వెళ్లిపోయింది. తరవాత ఆయన హాల్లో నిలబడి, చిట్టికి వినపడేలా అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, నిన్న నేను చెప్పింది అబద్ధం. పిల్ల రాసింది అక్షరాలా కరెక్టు. చెడగొట్టింది నేను." అవతల అక్క పెట్టిన చీవాట్లు గదిలోకి కూడా వినిపించాయి. ఆయన ఫోను చెవి నుంచి దూరంగా జరపలేదు.

చిట్టి గది గుమ్మం దగ్గరికి వెళ్లాడు. చిట్టి నేలమీద కూర్చుని కార్డు బిగిస్తోంది. లోపలికి రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు.

"కార్డు మార్చినందుకు కాదు నాన్నా," అంది తల ఎత్తకుండా. "ఇన్ని రోజులూ నాకేమీ రాదనుకున్నాను. ఆ ఉద్యోగానికి నేను తగనేమో, మానేద్దామా అనుకున్నాను. నువ్వు చూస్తూనే ఉన్నావు కదా?"

ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. ముప్ఫై ఏళ్లలో ఎవరింటి ముందూ వంచని తల వంగిపోయింది. "చూస్తూనే ఉన్నానమ్మా," అన్నాడు. కళ్లు తుడుచుకోలేదు. "ఆ కాగితం నాకు అర్థం కాలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. అబద్ధం చెప్పడానికి మాత్రం సిగ్గు లేకపోయింది."

చిట్టి మూత బిగించి మీట నొక్కింది. వీడియో మొదలైంది. పది నిమిషాలు. పదిహేను. ఇరవయ్యో నిమిషం వచ్చేసరికి తల్లి కూడా గరిటెతో వచ్చి నిలబడింది. ఇరవై ఒకటి. ఇరవై అయిదు. ఆగలేదు. తెరమీద ఆసుపత్రి వరండా నెమ్మదిగా ముందుకు సాగుతోంది.

"ఇంత చిన్నది ఎలా మోస్తోందే?" అన్నాడాయన, ఉండబట్టలేక.

చిట్టి అనుమానంగా చూసింది. "నిజంగా తెలియకా, నన్ను మంచి చేసుకోవడానికా?"

"నిజంగా నాకు తెలియదే, చిట్టీ."

ఆ ఇంట్లో ఆయన నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. తల్లి గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. చిట్టి మొహం ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. అయినా కాలితో స్టూలు దగ్గరికి లాగింది.

"కూర్చో, చెబుతాను," అంది.