చిలక గుండె నీడ

"చిలకకి ఎక్స్‌రేనా? జోక్ చేస్తున్నారా?"

పంజరం బల్లమీద పెట్టీ పెట్టగానే మండిపడింది ఆమె. పక్షుల డాక్టరు తల కూడా ఎత్తలేదు.

"ఊరికే కూర్చున్నా రొప్పుతోంది చూడండి. లోపలేముందో చూడకుండా మందిస్తే, అది చిలక జోస్యమే అవుతుంది."

"జాగ్రత్తండీ... అది మా అమ్మది," అంది.

అమ్మ పోయి ఏడాదైంది. చిలక మాత్రం అచ్చం అమ్మ గొంతుతోనే, "ఏమండీ, గొడుగు తీసుకెళ్ళండి," అంటుంది. మండుటెండలో కూడా నాన్న బుద్ధిగా గొడుగు పట్టుకెళ్తాడు.

మత్తుగాలి పట్టి, రెక్కలు విప్పి, ఫోటో తీశాడు డాక్టరు. తెరమీద ఛాతీకి అడ్డంగా గీత గీసి చూపించాడు.

"గుండె ఈ వెడల్పులో సగం కంటే కాస్త ఎక్కువుంటే పర్వాలేదు. ఇది ముప్పావు దాటిపోయింది."

"మనసు పెద్దదైతే మంచిదేగా?" నవ్వబోయింది.

"మనసైతే మంచిదే. ఇది గుండె," అన్నాడతను మెల్లగా.

అప్పట్నుంచి వారం వారం వచ్చేది. చుక్కల మందు సగం చిలక నోట్లో, సగం ఆమె చున్నీ మీద పడేది. "పేషెంట్ ఎవరో తెలియట్లేదు," అని అతను ఆటపట్టిస్తే, "ఫీజు మాత్రం తెలుస్తుంది!" అని కసిరేది. ఒకనాటి వానలో బస్టాప్ దాకా పంజరం తనే మోశాడు. చిలకకి తన కోటు కప్పి, తను ముద్దగా తడిశాడు. ఆమె చూపు తిప్పుకోలేకపోయింది.

రెండో ఎక్స్‌రేలో గుండె ఇంకా పెరిగింది.

"నాన్నకి ఎలా చెప్పను? అమ్మని రెండోసారి..."

"నేనొచ్చి చెప్తాను."

నాన్న అంతా విన్నాడు. "నొప్పుందా డాక్టరుగారూ?" అని మాత్రం అడిగాడు.

"నొప్పి కాదండీ, ఆయాసం."

నాన్న పంజరం తలుపు తీసి, చిలకని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఒళ్ళోనే, నాలుగు రోజుల తర్వాత, ఒక పొద్దున్న అది తల వాల్చేసింది. ఆమె డాక్టరుకి ఫోన్ చేసింది. ఏడుపు విని అతనే పరిగెత్తుకొచ్చాడు. పెరట్లో గొయ్యి తవ్వి, మట్టి కప్పేటప్పుడు ఆమెకంటే ముందు అతనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇక మీరు రానక్కర్లేదు కదా," అంది ఆమె, నేల చూస్తూ.

"చిలక కోసమే వచ్చాననుకున్నారా?"

"మరి?"

"మొదట్లో దానికోసమే. తర్వాత కాదు."

ఆమె అతని మట్టిచేతిని రెండు చేతులతో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

వెనక గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచో తెలీదు. ఇద్దరూ గబుక్కున విడిపోయారు.

ఆయన ఖాళీ పంజరం వైపు ఒకసారి చూశాడు.

"ఇల్లు మూగబోయింది, బాబూ," అన్నాడు. "చేతులు కడుక్కుని లోపలికి రా. కాసేపు కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడు."