నలభై ఒకటో సీసా

నలభై ఒకటో సీసాలోంచి ఒక చుక్క నాలుక మీద వేసుకుని కాత్యాయని మొహం చిట్లించింది. చేదు. చేదుగా ఉందంటే సరిగ్గా ఉన్నట్టే. తియ్యగా తగిలితే విడగొట్టని మాంసకృత్తు మిగిలిపోయిందని అర్థం. వేలిముద్ర వేసి సీసాను బెల్టు మీదికి తోసింది. పాలు కలిపేది యంత్రమే అయినా, రుచి చూడ్డానికి మాత్రం మనిషి నాలుకే కావాలని నిబంధన. పదకొండేళ్లుగా ఈ చేదు మింగీ మింగీ ఆమెకి కాఫీ కూడా రుచించడం మానేసింది.

ప్రతి ముగ్గురు పసివాళ్లలో ఒకరికి తల్లిపాలూ, ఆవుపాలూ కూడా పడని కాలం అది. అలాంటివాళ్లకి రేవుపేట కేంద్రం మాంసకృత్తు విడగొట్టిన విడిపాలు ఇస్తుంది. అందరికీ చాలవు కాబట్టి ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఆపాలో నిర్ణేత అనే కంప్యూటర్ చూసుకుంటుంది. పిల్లల నడుముకి కట్టిన పట్టీ విరేచనంలో నెత్తురు కనిపెడితే చాలు, విడిపాలు కూడా పడలేదని తేల్చేసి ఆ వాటా వరసలో ఉన్న మరో బిడ్డకి ఇచ్చేస్తుంది. దానికి జాలీ లేదు, పగా లేదు. ఆపుదల కింద వేలిముద్ర వేసే పని కూడా కాత్యాయనిదే.

పదిన్నరకి తెర మీద ఎర్రగీత వెలిగింది. విరజ, మూడు నెలలు. నెత్తురు. ఆపుదల.

ఆ వెనకే విరజ తల్లి సుకన్య పిల్లని భుజాన వేసుకుని పరుగున కిటికీ దగ్గరికి వచ్చింది.

"విడిపాలు పడక కాదక్కా! నిన్న బారసాల చేశాం. మా అత్తగారు ఉంగరంతో ఆవుపాలు నాలుక్కి రాసి, మిగిలినవి ఉగ్గుగిన్నెతో పట్టేశారు. వద్దంటే, 'మీ ఆయనకి పట్టలేదా, వాడికేమైంది?' అన్నారు."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదక్కా."

"చెప్పకు. బయటిపాలు పట్టారని తెలిస్తే పిల్లని శిశుగృహానికి పట్టుకుపోతారు. మళ్లీ నీ చేతికివ్వరు."

"చెప్పకపోతే పాలు ఆపేస్తారుగా!"

ఆరు నెలల కిందట ఇదే కిటికీ దగ్గర హేమాంగ్ తల్లి నిలబడింది. నోరు తెరిచింది, మూసుకుంది. ఏమైందమ్మా అని కాత్యాయని అడగలేదు. ముద్ర వేసేసింది. పదో రోజున ఆ తల్లి ఒంటరిగా వచ్చి, ఖాళీ పట్టీ తిరిగిచ్చి వెళ్లిపోయింది. అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఆనాటి నుంచీ కాత్యాయని కుమిలిపోతూనే ఉంది.

విరజ తన పిడికిలి తనే చప్పరిస్తోంది. కాత్యాయని నిర్ణేతతో మాట్లాడే మైకు దగ్గరికి లాక్కుంది.

"విరజకి మొన్న పంపిన సీసా నేను రుచి చూడలేదు. చూసినట్టు ముద్ర వేశాను. తియ్యపాలు వెళ్లి ఉండొచ్చు."

పచ్చి అబద్ధం. ఒక్క సీసా కూడా ఆమె అలా వదల్లేదు.

నిర్ణేత గొంతు పలికింది. "ఇలా ఎన్నిసార్లు చేశారు?"

ఒక్కసారే అంటే ఉద్యోగం దక్కవచ్చు. కానీ తన ముద్రతో పాలు ఆగిపోయిన పిల్లలు ఇంకా ఎందరో ఉన్నారు.

"లెక్క లేదు," అంది.

"మీ ముద్రలేవీ చెల్లవు. ఈ కేంద్రం ఆపుదలలన్నీ రద్దు. ఆపిన శిశువులందరికీ విడిపాలు నేటి నుంచే పునఃప్రారంభం."

తెర మీద పేర్లు బిలబిలా దిగసాగాయి. రెండు వందలు దాటాయి. అన్ని విడిపాలు కేంద్రంలో లేవు. ఆ సంగతి నిర్ణేతకి ఇంకా తట్టలేదు.

"ఏమైందక్కా?" సుకన్య అడిగింది.

"నీ పిల్లకి పాలొస్తాయి. ఇంటికెళ్లి ముందు ఆ ఉగ్గుగిన్నె దాచెయ్."

బెల్టు మీదికి కొత్త సీసాలు వస్తున్నాయి. మొదటిది విరజది. రెండోదాని చీటీ కాత్యాయని రెండుసార్లు చదివింది.

హేమాంగ్, పది నెలలు.

ఆపేసిన పిల్లలు ఏమయ్యారో నిర్ణేత ఎప్పుడూ చూడదు. దాని దృష్టిలో వాడు ఇంకా పెరుగుతూనే ఉన్నాడు.

ఆమె ముద్ర ఇక చెల్లదు. అయినా ఆ సీసాలోంచి ఒక చుక్క తీసి నాలుక మీద వేసుకుంది. చేదుగా, సరిగ్గా ఉన్నాయి పాలు.