ఆగి ఉన్న బస్సు

డ్రైవరు బాబాయి హాయిగా పోయాడని నాకు కడుపుమంట. మీరు ముక్కున వేలేసుకున్నా సరే, ఉన్నమాట అది. అసూయతో మనిషి చిక్కిపోతాడంటారు. నాకు ఆ లాభం కూడా లేదు, చొక్కా గుండీలు పట్టడం లేదు.

మా నాన్న కండక్టరు. డ్రైవరు బాబాయితో కలిసి ఒకే బస్సు మీద ఉద్యోగమంతా గడిపేశాడు. గంట తాడు ఒకసారి లాగితే బస్సు ఆగాలి, రెండుసార్లు లాగితే కదలాలి. రెండో గంట వినపడనిదే బాబాయి బండిని అంగుళం కూడా కదిపేవాడు కాదు. ఇంట్లో మాతో ఆడాల్సిన మాటలన్నీ నాన్న ఆ ఇంజను పక్కనే ఖర్చుపెట్టేసి వచ్చేవాడు. నన్ను మాత్రం ఆ బస్సు ఎక్కనివ్వలేదు. "సొంతవాడికి టికెట్టు కొట్టాలంటే మొహమాటంరా" అనేవాడు.

చివరికి ఇద్దరికీ జబ్బు కూడా ఒకటే వచ్చింది. ఇక తగ్గేది కాదని డాక్టరు తేల్చేశాక, బాబాయి కొడుకు ఆలస్యం చెయ్యకుండా ఆయన్ని హాస్పిస్‌లో చేర్చాడు. జబ్బుతో కుస్తీ ఆపేసి, నొప్పి తగ్గించి, ఉన్నన్నాళ్ళూ మనిషిని మనిషిలా చూసుకునే చోటది. తండ్రిని వదిలించుకున్నాడని నేను వీధంతా టముకేశాను. మా నాన్నకి మాత్రం ఇంకో పెద్దాసుపత్రి, ఇంకో గొట్టం.

ఊరుకోలేక ఒకసారి బాబాయిని చూడ్డానికి వెళ్ళాను. ఆయన కిటికీ పక్కన కూర్చుని కొడుకు చేత గడ్డం గీయించుకుంటున్నాడు. పిన్ని పక్క మంచం మీద ఆదమరిచి నిద్రపోతోంది. నొప్పి వస్తే ఏం చెయ్యాలో నర్సు నేర్పిందట, ఇక కంగారు లేదట.

"ఏరా గుమ్మడికాయ్, మీ నాన్ననీ పట్రా. చివర్లో ఎక్కినవాడికి సీటుండదు" అన్నాడు బాబాయి, చిన్నప్పుడు నాన్న నాకు పెట్టిన ముద్దుపేరుతో.

ఆ మాట నాన్నకి చెప్పాను. ముక్కులో గొట్టంతోనే, "నన్నూ అక్కడికే పంపరా" అన్నాడు. బాబాయి కొడుకు చేసిందే నేనూ చేస్తే నా పరువేం కావాలి? పంపలేదు.

బాబాయి పోయాడు. పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని చిన్నప్పటి కబుర్లన్నీ చెప్పాడట. వాడు ఏడుస్తూ నవ్వుతూ ఆ సంగతి చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న నాతో ఒక్క మాటంటే చాలనిపించింది. అప్పుడు కదిలించాను నాన్నని. అదే హాస్పిస్‌కి, బాబాయి ఖాళీ చేసిన అదే గదికి.

"కాస్త ముందు తెచ్చుంటే కబుర్లు చెప్పేవారండి. ఇప్పుడు నొప్పి తెలియకుండా చూడగలం, అంతే" అంది నర్సు మెల్లగా.

దీపాలు వేసే వేళ. గదిలో ఫినాయిలు వాసన. మంచం తల దగ్గర నర్సుని పిలిచే గంట, దానికో తాడు. నాన్న ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

"ఒక్కసారి గుమ్మడికాయ్ అను నాన్నా" అని బతిమాలుతున్నాను.

కిటికీలో వెలుగు తగ్గింది. ఫినాయిలు వాసనలోకి ఇంకో వాసన వచ్చి కలిసింది... డీజిలు. కాళ్ళ కింద నేల సన్నగా వణికింది. నిలబడ్డ బస్సులో ఇంజను ఆడుతుంటే వణికినట్టు.

"ఏమోయ్ కండక్టరూ... ఇంత లేటా?"

గుసగుస. గదిలో ఉన్నది మేమిద్దరమే.

నాన్న కళ్ళు తెరిచాడు. "మావాడు లేటు చేశాడోయ్" అన్నాడు. స్పష్టంగా. నవ్వుతూ. నా వైపు చూడకుండా.

భయపడాల్సింది. కానీ ముందొచ్చింది కుళ్ళు. నాకు దక్కని మాట ఆయనకి దక్కింది. చచ్చాక కూడా.

"ఎప్పుడూ ఆయనతోనేనా?" అన్నాను. "నన్నొక్కసారైనా ఎక్కించుకున్నావా?"

నాన్న తల తిరిగింది. నెమ్మదిగా... నా వైపు.

"అయితే ఎక్కు, గుమ్మడికాయ్."

నాన్న చెయ్యి లేచింది. తాడు లాగింది. ఒక్కసారి.

రెండో గంట కొట్టలేదు. చెయ్యి జారిపోయింది... ఊపిరీ ఆగిపోయింది.

గంట విని నర్సు పరుగున వచ్చింది. నాన్న కళ్ళు మూసింది. బిగుసుకుపోయిన నా పిడికిలి కూడా తనే విప్పింది. అందులో ఒక పాతకాలం బస్సు టికెట్టు.

ఇప్పుడు రోజూ దీపాలు వేసే వేళకి మా వీధిలో డీజిలు వాసన. ఏదో బండి వచ్చి ఆగుతుంది, ఇంజను మాత్రం ఆడుతూనే ఉంటుంది. మా ఆవిడ నీళ్ళ ట్యాంకరంటుంది. కిటికీ తీస్తే ఏమీ ఉండదు.

టికెట్టు బీరువాలో దాచాను. దిగే చోటు పేరు చెరిగిపోయింది గానీ, దాని మీద చిల్లు కొట్టి ఉంది. ఎక్కే రోజు చూపించే తేదీల వరసలో మాత్రం ఇంకా చిల్లు పడలేదు.

నిన్న తీసి చూస్తే, ఆ వరసలో ఒకచోట కాగితం కాస్త ఉబ్బి ఉంది... అవతలి నుంచి ఎవరో నొక్కుతున్నట్టు.